చెరలో నాటిన తోటలు

శ్రోతలకు నమస్కారం.

కష్టంలో ఉన్నవాళ్లను పలకరించడానికి వెళ్లినప్పుడు మా క్రైస్తవులం తరచుగా చెప్పే వాక్యం ఒకటుంది. యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం, 11వ వచనం. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని మొదలవుతుంది. అవి "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని దేవుడు చెప్పిన మాట. గోడల మీద, ఫోన్ స్టేటస్‌లలో చాలాచోట్ల అదే కనిపిస్తుంది. మా ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక్కరోజే నలుగురు నాకది పంపారు. నాలుగోసారి చదివేసరికి, నిజం చెబుతున్నాను, చిరాకేసింది. 'ఆ ఉద్దేశమేదో త్వరగా కానియ్యి ప్రభువా' అనుకున్నాను.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నిద్ర పట్టక అధ్యాయం మొదటినుంచీ చదివాను. అంతకుముందు చదవలేదని కాదు, ఆ ఒక్క వచనం కోసం మిగతావి గబగబా దాటేసేవాణ్ణి. అసలు అదొక ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునూ, అధికారులనూ, చేతిపనివాళ్లనూ చెరపట్టుకుపోయాడు. ఊళ్లో మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త వాళ్లకు రాసి పంపాడు. మనకిష్టమైన ఆ వచనానికి సరిగ్గా పైన, 10వ వచనంలో ఒక లెక్క ఉంది. 70 ఏళ్లు. అవి గడిచాకే తిరిగి రావడం. అంటే ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్లు మళ్లీ సొంత గడప తొక్కరన్నమాట. ఓదార్చే ఉత్తరంలో ఎవరైనా ఇలాంటి లెక్క రాస్తారా?

దీనికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త వస్తాడు. ఆయన లెక్క రెండేళ్లే. రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని గుడిలో జనం ముందు ప్రకటించాడు. దానికి యిర్మీయా మొదట అన్న మాట "ఆమేన్". అలాగే జరగాలని ఆయనకూ ఉంది మరి. కానీ అది దేవుడు చెప్పింది కాదు. మంచి జరగాలని కోరుకోవడం వేరు, జరిగి తీరుతుందని తేదీ చెప్పడం వేరు. రోగి మంచం పక్కన నిలబడి 'వచ్చే నెలకల్లా లేచి తిరుగుతాడు చూడండి' అనేవాళ్లు హనన్యా వైపు మనుషులే అని నాకనిపిస్తుంది, ఎంత ప్రేమతో అన్నా సరే.

70 ఏళ్లని చెప్పిన దేవుడు వాళ్లనేం చేయమన్నాడు? "ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి, తోటలు నాటి వాటి ఫలముల ననుభవించుడి." పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి అన్నాడు. ఇంకా కష్టమైన మాట, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థన చేయండి అన్నాడు. ఎందుకిలా జరిగిందో వివరంగా చెప్పి ఒప్పించాక చేయమనలేదు. వచనం మళ్లీ వినండి, "నేనెరుగుదును" అని ఉంది. ఉద్దేశాలు తెలిసింది ఆయనకు. చెరలో ఉన్నవాళ్ల చేతికొచ్చింది ఈ రోజు పని.

మన తెలుగులో ఒక చిత్రముంది. మామూలుగా సమాధానం అంటే జవాబు. తెలుగు బైబిల్లో సమాధానం అంటే శాంతి. హీబ్రూలో 'షాలోమ్' అన్న మాటకు పెట్టిన తెలుగు అది. ఆ రాత్రి నేను అడిగింది మొదటి సమాధానం. నిరీక్షణ కూడా అంతే. మామూలు వాడుకలో ఎదురుచూపు, బైబిల్లో ఆశ. మొదట అనువదించినవాళ్లు ఏమనుకుని పెట్టారో గానీ, ఎదురుచూపూ ఆశా ఒకే మాటలో పడ్డాయి.

జవాబు నాకు ఇప్పటికీ రాలేదు. తెల్లారాక మాత్రం పక్క మంచం దగ్గర ఒంటరిగా ఉన్న పెద్దాయనకు తాగడానికి నీళ్లు తెచ్చిపెట్టాను. మర్నాడూ తెచ్చాను. మూడో రోజు ఆయనే మా మనిషి గురించి అడిగి, ప్రార్థన చేస్తానన్నాడు. అంతకన్నా పెద్ద సాక్ష్యమేమీ లేదు నా దగ్గర.

విశ్వాసం ఉంటే ఏడవకూడదనే వాళ్లున్నారు. అదే బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్ల పాట బైబిల్లోనే ఉంది, 137వ కీర్తన. తోటలు నాటమన్న ఉత్తరమూ, ఆ ఏడుపూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. టెన్షన్ భరించలేనంతగా ఉంటే, రోజుల తరబడి నిద్ర లేకపోతే, డాక్టరుకు చూపించుకోండి. ప్రార్థన మానక్కర్లేదు, మందూ మానక్కర్లేదు.

యిర్మీయా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ల తర్వాత బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. రేపో మాపో ఊరు పడిపోతుంది. యిర్మీయా ఖైదులో ఉన్నాడు. అలాంటప్పుడు తండ్రి తోడబుట్టినవాడి కొడుకు వచ్చి, అనాతోతు అనే ఊళ్లో ఉన్న నా పొలం కొనుక్కో అన్నాడు. ఆయన 17 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు! సాక్షులను పెట్టి, దస్తావేజు రాసి, ముద్ర వేసి, చాలాకాలం చెడిపోకుండా ఉండాలని మట్టికుండలో పెట్టించాడు. ఊరు కూలిపోయాక, ఆయన వద్దంటున్నా తనవాళ్లే ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, తీసుకుపోయారు. ఆ పొలంలో ఆయన అడుగు పెట్టినట్టు బైబిల్లో ఎక్కడా లేదు.

నమస్కారం.