చర్చ: పెర్ఫార్మెన్స్ అంటే చేసిన పనా, చూపించిన పనా?

(పాల్గొన్నవారు: భాషాశాస్త్ర అధ్యాపకురాలు, రంగస్థల నటుడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్)

యాంకర్: నమస్కారం. ‘ఇంజిన్ పెర్ఫార్మెన్స్ బాగుంది’, ‘ఈ ఏడాది నీ పెర్ఫార్మెన్స్ తగ్గింది’, ‘హీరోయిన్ పెర్ఫార్మెన్స్ అదిరింది’, ‘చాల్లే, ఆపు నీ పెర్ఫార్మెన్స్’. మాట ఒక్కటే, వాడుక నాలుగు రకాలు. చివరిదైతే తిట్టు కూడా. మేడమ్, వీటిలో అసలు అర్థం ఏది?

అధ్యాపకురాలు: ఒకదాన్ని అసలుది అంటే తక్కినవన్నీ నకిలీ అయిపోతాయండీ. పుట్టుక మాత్రం చెప్పొచ్చు. అందులో ‘ఫార్మ్’ వినిపిస్తుంది కాబట్టి రూపానికి సంబంధించిన మాట అనుకుంటారు చాలామంది. కాదు. పాత ఫ్రెంచిలో ‘పర్‌ఫూర్నీర్’ అనే క్రియ ఉండేది. పనిని కడదాకా నెరవేర్చడం అని దాని అర్థం. తర్వాత ‘ఫార్మ్’ ప్రభావం పడి రూపు మారింది. అంటే మొదట్లో ఇందులో స్టేజీ లేదు, చూసేవాళ్లూ లేరు. నాటకం, సంగీతం తర్వాత వచ్చి చేరాయి.

నటుడు: వచ్చి ఇల్లంతా ఆక్రమించాం! (నవ్వు)

అధ్యాపకురాలు: అంతా కాదులెండి. లాయర్ల దగ్గర పాత అర్థమే ఉంది. ఒప్పందంలో తన వంతు నెరవేర్చడాన్ని వాళ్లు పెర్ఫార్మెన్స్ అంటారు. కోర్టు ‘స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్’కి ఆదేశించిందంటే నష్టపరిహారం కట్టి తప్పించుకోవడం కుదరదు, ఒప్పుకున్న పనే చేయాలి. ఎంత అందంగా చేశావని అక్కడ ఎవరూ అడగరు.

యాంకర్: ఇంజనీర్ గారూ, మెషీన్ల సంగతేమిటి?

ఇంజనీర్: మెషీన్‌కి మెప్పు అక్కర్లేదు, అదొక సుఖం. అయినా అక్కడ కూడా పెర్ఫార్మెన్స్‌కి ఒకే కొలత ఉండదు. యాప్‌లో మీరేదైనా నొక్కితే సర్వర్‌కి ఒక రిక్వెస్ట్ వెళ్తుంది. దానికి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చెప్పేది లేటెన్సీ. సెకనుకి ఎన్ని రిక్వెస్టులు పూర్తయ్యాయో చెప్పేది త్రూపుట్. ఒకదాన్ని బాగుచేయబోతే రెండోది చెడొచ్చు. రిక్వెస్టులను గుంపులుగా పంపితే మొత్తం మీద ఎక్కువ పని జరుగుతుంది, కానీ ముందొచ్చినవాడు గుంపు నిండేదాకా ఆగాలి. ఇక సగటునైతే అస్సలు నమ్మకూడదు. 100 రిక్వెస్టుల్లో 99కి 10 మిల్లీసెకన్ల చొప్పున పట్టి, ఒక్కదానికి 5 సెకన్లు పట్టిందనుకోండి. సగటు 60 మిల్లీసెకన్లు కూడా దాటదు. ఆ ఒక్కడి దృష్టిలో మాత్రం యాప్ హ్యాంగ్ అయినట్టే. అందుకే ఎవరైనా ‘పెర్ఫార్మెన్స్ బాగోలేదు’ అంటే, ‘ఏది బాగోలేదు, ఎవరికి?’ అని అడుగుతాం.

యాంకర్: ఆఫీసులో మనుషుల విషయంలో ఈ ప్రశ్న ఎవరూ వేయరే!

ఇంజనీర్: అక్కడే మంట నాకు. సర్వర్ పడిపోకుండా ఏడాదంతా కాపాడినవాడి పని ఎవరికీ కనబడదు. పడిపోయాక అర్ధరాత్రి లేచి నిలబెట్టినవాడికి అందరినీ కాపీలో పెట్టి మరీ మెయిల్లో మెచ్చుకోళ్లు. అప్రైజల్‌లో ఎవరికి ఎక్కువ రేటింగ్ వస్తుందో మీరే చెప్పండి.

అధ్యాపకురాలు: నిజానికి తెలుగు ఈ రెంటినీ విడదీసే ఉంచింది. మెషీన్‌కి, ఉద్యోగికి, ప్రభుత్వానికి ‘పనితీరు’. నాటకానికి, నాట్యానికి ‘ప్రదర్శన’. ఇంగ్లీషు మాట వాడగానే ఆ గీత చెరిగిపోతుంది. చెరిగిపోవడమే కొందరికి కావాలేమో కూడా! పత్రికలు మాత్రం ప్రతిదానికీ ‘ప్రదర్శన’ అనే రాసేస్తున్నాయి. ‘బౌలర్ల పేలవ ప్రదర్శన’ అంటారు...

నటుడు: దానికేం, గ్యాలరీ నిండా జనం ఉన్నారుగా.

అధ్యాపకురాలు: సరే, ఆటల వరకు ఒప్పుకుంటాను. ‘పరీక్షల్లో విద్యార్థుల ప్రదర్శన’ అంటే మాత్రం ఒప్పుకోను. ఆ హాల్లో చూసేవాళ్లెవరు, ఇన్విజిలేటరా?

నటుడు: నాదొక అభ్యంతరం ఉంది. ఇందాకటి నుంచి మీరిద్దరూ పనితీరు అసలుదీ, ప్రదర్శన ఉత్తుత్తిదీ అన్నట్టు మాట్లాడుతున్నారు. మాకు చూపించడమే పని. గొంతు బొంగురుపోయినా డైలాగ్ చివరి వరసకు చేరాలి. ఎదురుగా ఉన్న నటుడు లైను మర్చిపోతే, జనానికి అనుమానం రాకుండా అందుకోవాలి. రిహార్సల్లో ఎంత ఇరగదీసినా లెక్కలోకి రాదు. తెర లేచాక ఏం చేశామన్నదే లెక్క.

అధ్యాపకురాలు: మా శాస్త్రంలో దాదాపు ఇదే తేడా ఉంది. భాషాశాస్త్రవేత్త నోమ్ చాంస్కీ 1965లో భాషను రెండుగా చూడమన్నాడు. భాష మనకు లోపల తెలిసి ఉండడం కాంపిటెన్స్. నిజంగా నోరు విప్పినప్పుడు జరిగేది పెర్ఫార్మెన్స్. తడబాటు, మతిమరుపు, సగంలో ఆగిపోయిన వాక్యాలు అన్నీ దీని కిందికే వస్తాయి. అక్కడ ఆ మాటకు మెప్పు ధ్వని అసలు లేదు.

యాంకర్: ఒక ప్రేక్షకురాలి ప్రశ్న. సోషల్ మీడియాలో తెగ వినబడుతున్న ‘పెర్ఫార్మేటివ్’ సంగతేమిటని.

అధ్యాపకురాలు: భలే అడిగారు. 1955లో జె. ఎల్. ఆస్టిన్ అనే తత్వవేత్త హార్వర్డ్‌లో ఉపన్యాసాలిస్తూ, కొన్ని మాటలు నోటితో అంటేనే పని జరిగిపోతుందన్నాడు. ‘మాటిస్తున్నాను’ అన్నారంటే మాట ఇచ్చేసినట్టే. ‘ఈ ఓడకు ఫలానా పేరు పెడుతున్నాను’ అనేదీ అంతే. వీటిని ఆయన పెర్ఫార్మేటివ్ అన్నాడు. అంటే, చెప్పడమే చేయడం. ఈ రోజు సోషల్ మీడియాలో చూడండి, చెప్పడమే తప్ప చేయడం లేనిదాన్ని పెర్ఫార్మేటివ్ అంటున్నారు. పూర్తిగా తలకిందులైంది.

ఇంజనీర్: మావాళ్లు ‘పెర్ఫార్మెంట్’ అని కూడా అంటారు, వేగంగా నడిచే సాఫ్ట్‌వేర్‌ని.

అధ్యాపకురాలు: ఫ్రెంచిలో ఎప్పటి నుంచో ఉందది. నాకు వినడానికి ఇంపుగా ఉండదు, అంతే.

యాంకర్: మరి ‘ఆపు నీ పెర్ఫార్మెన్స్’?

నటుడు: ఇంగ్లీషువాళ్లకూ ఇలాంటిది ఉంది. చిన్న పనికి పెద్ద హంగామా చేస్తే ‘వాట్ ఎ పెర్ఫార్మెన్స్’ అంటారు. మనం ఓవరాక్షన్ అంటాం. కానీ ఒకటి గమనించండి, ఈ తిట్టు బాగా నటించినవాడికి తగలదు. దొరికిపోయినవాడికే!

యాంకర్: (నవ్వుతూ) ముగించే ముందు ఒక్క మాట. అప్రైజల్ ఫారం తెలుగులో అచ్చు వేస్తే పైన ఏం రాయాలి?

అధ్యాపకురాలు: పనితీరు. ఇందులో సందేహమేముంది?

ఇంజనీర్: మేనేజర్లు ఒప్పుకోరు మేడమ్. అలా రాస్తే ఏం పని చేశాడో వెతకాల్సి వస్తుంది.