చర్చి బేస్‌మెంట్‌లో ఇరవై నిమిషాలు

హోస్ట్: హాయ్ అందరికీ, వెల్‌కమ్ బ్యాక్. ఇవాళ మనతో ఉన్న అక్క అమెరికాలో ఒక చర్చి నడిపే ఫ్రీ లీగల్ క్లినిక్‌లో వలంటీర్. మనవాళ్ళొస్తే తెలుగులో చెప్పేది తనే. అక్కా, ముందు నా డౌట్ తీర్చు. యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి మీ దగ్గరికొస్తే కేసు ఫ్రీగా వాదించేస్తారా?

గెస్ట్: వాదించరు. (నవ్వు) అందరూ అలా అనుకునే వస్తారు పాపం. ఇంజురీ కేసుల్ని బయట లాయర్లే ముందు పైసా అడక్కుండా తీసుకుంటారు కదా, డబ్బొస్తే వాటా, రాకపోతే ఫీజు లేదు. 1974లో పెట్టిన లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ అని ఉంది, పేదలకి ఫ్రీగా కేసులు చూసే లీగల్ ఎయిడ్ ఆఫీసులకి ఫెడరల్ డబ్బులు చాలావరకు వచ్చేది దాని ద్వారానే, ఫీజు రాబట్టగలిగే కేసులు మామూలుగా తీసుకోవద్దని దాని రూల్. మాకు ఆ డబ్బు రాదు, ఆ రూలూ లేదు. అయినా డాక్టర్ల సాక్ష్యాలు, రికార్డులు అంటూ వేలకి వేలు ఖర్చవుతుంది, శనివారం పొద్దున రెండు గంటలు కూర్చునే లాయర్ వల్ల అయ్యే పనా అది?

హోస్ట్: మరి రావడం దేనికి?

గెస్ట్: ఒకాయన సంగతి చెప్తా. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి కారు గుద్దింది, మెడ పట్టేసింది. వారంలోపే అవతలి ఇన్సూరెన్స్ అడ్జస్టర్, అంటే ఎంత ఇవ్వాలో తేల్చే కంపెనీ మనిషి, ఫోన్ చేసి తెగ మర్యాదగా మాట్లాడి 1,500 డాలర్లు ఇస్తాం, ఈ ఒక్క కాగితం మీద సంతకం పెట్టండి అన్నాడట. ఆయన ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చుకున్నాడు. మా లాయరుగారు దాన్ని టేబుల్ మీద సాపు చేసి, పెన్నుతో ఒకే లైను కింద గీత గీశారు. ఇప్పుడు తెలిసినవీ, ముందుముందు బయటపడేవీ, అన్ని క్లెయిములూ వదులుకుంటున్నాను అని ఉంది అందులో. అంటే రేపు ఎమ్ఆర్ఐలో డిస్క్ జరిగిందని తేలినా నోరెత్తడానికి లేదు!

హోస్ట్: అమ్మో.

గెస్ట్: ఆయనకి ఇంకా ఎమ్ఆర్ఐ కూడా తీయలేదురా. ఫోన్ రికార్డ్ చేస్తాం, జరిగింది చెప్పండి అంటే ఒప్పుకోవద్దన్నారు, అవతలి వాళ్ళ ఇన్సూరెన్స్‌కి ఆ రికార్డింగ్ ఇచ్చి తీరాలని మామూలుగా ఎక్కడా లేదు. తర్వాత కోర్టులో కేసు వేయడానికి టైమ్ లిమిట్ చెప్పారు. టెక్సాస్‌లో రెండేళ్ళు, న్యూయార్క్‌లో మూడేళ్ళు, టెనెసీలో ఏడాదే. గుద్దింది గవర్నమెంట్ బండి అయితే చాలాచోట్ల ఇంకా తక్కువ, కాలిఫోర్నియాలో రాష్ట్రం బండో ఊరి బండో అయితే ఆరు నెలల్లోపే ముందు క్లెయిమ్ పెట్టాలి.

హోస్ట్: ఈ వాటా లెక్క కూడా చెప్పక్కా.

గెస్ట్: మూడో వంతు అనేది మామూలు మాట, కోర్టుదాకా వెళ్తే 40 శాతం అంటారు. ఊరికే లెక్కకి 30,000 అనుకో. లాయర్‌కి 10,000, ఖర్చులు 2,000, హాస్పిటలూ హెల్త్ ఇన్సూరెన్సూ లీయన్ అని, అంటే వైద్యం ఖర్చు కింద వాళ్ళకి రావాల్సిన బాకీ అని, 8,000 పట్టుకుంటే మన చేతికొచ్చేది 10,000. అందుకే అగ్రిమెంట్‌లో ఖర్చులు తీశాక వాటానా, తీయకముందేనా, ఓడిపోతే ఆ ఖర్చులు ఎవరివి, ఈ రెండూ చూసుకోవాలి. ఆ అగ్రిమెంట్ చదివి పెట్టమన్నా మా దగ్గర చదివి పెడతారు, లీయన్ తగ్గించమని లెటర్ రాయడంలో కూడా సాయం చేస్తారు.

హోస్ట్: చర్చి కదా, వేరే మతం వాళ్ళు రావచ్చా?

గెస్ట్: మా దగ్గర ఆ ప్రశ్నే వేయరు, ఆదాయం అడుగుతారంతే. వెళ్ళేముందు ప్రార్థన చేయమంటారా అని అడుగుతారు, వద్దంటే నవ్వి చెయ్యి కలిపి పంపిస్తారు. నేను మంగళసూత్రం వేసుకునే కూర్చుంటా అక్కడ, ఇన్నాళ్ళలో ఎవరూ ఒక్క మాట అనలేదు. లాస్ ఏంజెలెస్‌లో బెట్ త్సెడెక్ అని ఉంది, హీబ్రూలో న్యాయపు ఇల్లు అని అర్థం, అదీ 1974లోనే మొదలైంది, యూదులు పెట్టిందే గానీ అందరికీ ఫ్రీగా చేస్తారు.

హోస్ట్: ఇంతకీ ఆ మెడనొప్పాయన?

గెస్ట్: మేమిచ్చిన బార్ అసోసియేషన్, అంటే లాయర్ల సంఘం, రిఫరల్ నంబర్‌కి ఫోన్ చేసి లాయర్ని పెట్టుకున్నాడు, కేసు ఇంకా నడుస్తోంది. మొన్నొకసారి వచ్చాడు, ఈసారి కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకుని. ఆ మడతల కాగితం కూడా అందులోనే ఉంది, సంతకం చోటు ఖాళీగా.