మందకు దారి చూపేదెవరు?

తమ్ముడు: ఇవాళ్టి విషయం, దేశదిమ్మరి కాపరుల మందల్లో ముందు నడిచే మేక ఏది అని.

అక్క: పోతు కాదు. అది ముందే చెప్పేస్తున్నా.

తమ్ముడు: అక్కా, మూడో ఎపిసోడ్‌లో పోతు గురించి పడ్డ గొడవ మళ్లీ మొదలుపెట్టావా!

అక్క: పెట్టాలి మరి. పోతు వెనక కాళ్ల మీద లేచి, తల పక్కకు వంచి కొమ్ములతో దిగితే దాని పంతం నెగ్గుతుంది, అంతే. నీళ్ల దారి పట్టేది ఎక్కువగా వయసు మళ్లిన ఆడమేక. గంట దాని మెడకే కట్టాలి.

తమ్ముడు: సరే. మరి ఆ మేకే దారిలో ఈనితే?

అక్క: అక్కడే చిక్కు. గొర్రెపిల్ల లేచిన కాసేపటికే తల్లి వెంటపడుతుంది. మేకపిల్ల అలా కాదు, మొదటి కొన్ని రోజులు పొదచాటున ముడుచుకుని పడుకుంటుంది. మంద కదిలితే దాన్ని ఎత్తుకుపోవాల్సిందే. కానీ తల్లి నాకకముందే ఎత్తారో, వాసన పట్టక తర్వాత దాన్ని కుమ్మేస్తుంది. ఈనిన వెంటనే అయిదు నిమిషాలు నాకనిస్తే, మూడు గంటలు విడదీసినా చాలాసార్లు చేరనిస్తుంది.

తమ్ముడు: నువ్వు అన్నీ వాసనకే ముడిపెడతావు. తల్లి లేని పిల్లను ఇంకో మేకకు కట్టేసి రెండు రోజులు తాగిస్తే అలవాటు కాదా?

అక్క: అది తాగనివ్వడమే, తల్లవడం కాదురా. కట్టు విప్పగానే చాలాసార్లు తంతుంది. అప్పుడే ఈని, పిల్ల పోయిన మేకను చూడాలి. దాని ఉమ్మనీరు అనాథపిల్ల వీపుకీ, ముఖ్యంగా తోక మొదట్లోనూ పూయాలి. పిల్ల తాగుతుంటే తల్లి మూతి వెళ్లేది అక్కడికే. ఉమ్మనీరు ఆరిపోతే చచ్చిన పిల్ల తోలు తోకతో సహా ఒలిచి, కాళ్లకు నాలుగు కంతలు పెట్టి తొడగాలి.

తమ్ముడు: ఎండలో ఆ తోలు కుళ్లుతుంది! పురుగు పడితే బతికిన పిల్ల కూడా పోతుంది.

అక్క: అందుకే రెండు మూడు రోజుల్లో తీసేయాలి. ఆలోగా కొత్త తల్లి పాలు కడుపులోపడి, పిల్ల ఒంటికి ఆ వాసనే వస్తుంది.

తమ్ముడు: ...అది ఒప్పుకుంటా. కానీ ముర్రుపాలు ముందు. తల్లి కుదిరేదాకా పిల్లను పస్తుంచొద్దు. వేరే మేకవి పిండైనా తాగించాలి.

అక్క: అందులో తేడా లేదు. ఇంకోటి, అయిదు రోజులకే తల్లీపిల్లలు ఒకరి అరుపు ఒకరు పోలుస్తారు. పొదలో పడుకున్నదాన్ని పిలిచేది గొంతు, దగ్గరికొచ్చాక తేల్చేది మాత్రం...

తమ్ముడు: వాసన! తెలుసు. అసలు కొత్త మేకను మందలో కలపడం చెప్పనేలేదు.

అక్క: ఒంటరిగా తోలొద్దు, రెండు మూడు కలిపి తోలాలి. రాత్రి దొడ్డిలో కాదు, పగలు మేతలో. పారిపోవడానికి చోటుండాలి. బోడిదైతే మరీ జాగ్రత్త.

తమ్ముడు: బోడిది కొమ్ములదానికి ఎప్పుడూ లోకువేనా?

అక్క: చాలా మందల్లో అంతే. మేత దగ్గర చూడు, కొమ్ములది తల తిప్పితే చాలు...