బెల్టు బండి వెనక పుల్లీ బరువు తగ్గిస్తే లాభం ఎంత?

అందరికీ నమస్తే. ఈ బల్ల మీద ఉన్నది హార్లే డేవిడ్‌సన్ స్ట్రీట్ 750 వెనక పుల్లీ. చైన్ బండికి స్ప్రాకెట్ ఎలాగో, బెల్టు బండికి ఇది అలాగన్నమాట. హైదరాబాద్ బాలానగర్‌లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత మెషీన్) పని చేసే షాపులో దీని మధ్య ప్లేటుకి ఖాళీలు కొట్టించి బరువు తగ్గించాం. "పికప్ పెరుగుతుందా అన్నా?" అని చాలామంది అడుగుతున్నారు. పికప్ కోసమే అయితే మాత్రం చేయించకండి. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

పుల్లీ నుంచి అర కిలో తీశామనుకోండి. తిరిగే భాగంలో బరువు తగ్గితే ఆ లాభం కొంచెం పెరిగి కనిపిస్తుంది, నిజమే. కానీ ఎంత పెరుగుతుందనేది ఆ లోహం ఇరుసు నుంచి ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. టైరు అంచు దగ్గర తీస్తే రెట్టింపు లాభం. అందులో సగం దూరంలో తీస్తే అదనంగా వచ్చేది నాలుగో వంతే. అంటే అర కిలో తీస్తే సుమారు 625 గ్రాములు తగ్గినట్టు లెక్క. మనం తీసేది మధ్య ప్లేటులో కాబట్టి అంత కూడా రాదు. బండి, దాని మీద మనిషి కలిపి 300 కిలోలు వేసుకుంటే, తగ్గింది వెయ్యిలో రెండు వంతులు. అది యాక్సిలరేటర్ తిప్పే చేతికి తెలియదు.

మరి లాభం ఎక్కడంటే, సస్పెన్షన్‌లో. పుల్లీ చక్రానికే బిగించి ఉంటుంది కాబట్టి గుంత వచ్చినప్పుడల్లా చక్రంతో పాటు పైకీ కిందకీ ఆడుతుంది. ఆ ఆడే బరువు తగ్గితే షాక్ అబ్జార్బర్‌కి పని తేలికవుతుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి మన టూవీలర్లను రానివ్వరు కదా, అందుకే నర్సాపూర్ రోడ్డులో నడిపి చూశాను. వరసగా చిన్న గతుకులు వచ్చిన చోట వెనక చక్రం కాస్త కుదురుగా ఉన్నట్టు అనిపించింది. తేడా చాలా స్వల్పం. అదే డబ్బుతో మంచి టైరు వేయించుకుంటే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు పనితనం చూద్దాం, నాకు బాగా నచ్చింది ఇదే. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఈ ఖాళీ మూల చూడండి. గుండ్రంగా తిప్పారు, గోరు పెట్టి లాగినా ఎక్కడా తట్టుకోదు. మూల పదునుగా వదిలేస్తే బలమంతా అక్కడే పడి, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. రోడ్డు పక్కన డ్రిల్ మెషీన్‌తో బెజ్జాలు వేయించే వాళ్లకి చేతులెత్తి మొక్కుతున్నాను, వద్దు. బోల్టు రంధ్రాల చుట్టూ ఉన్న లోహం జోలికి అసలు వెళ్లకూడదు. ఖాళీలన్నీ ఒకే కొలతలో, సమాన దూరంలో ఉండాలి, లేకపోతే బ్యాలెన్స్ పోతుంది.

ఇక పళ్లు. వాటికి బఫింగ్ (మెరుగు పెట్టడం) కూడా చేయించకండి. పంటి మీద చిన్న గాటు పడినా తిరిగినప్పుడల్లా బెల్టుని కొరుకుతూనే ఉంటుంది. ఆ బెల్టు లోపల ఉండే గట్టి దారాలే లాగుడంతా మోస్తాయి. లాగితే ఎంతైనా ఆగుతాయి, మడతపెడితే మాత్రం విరుగుతాయి. కాబట్టి విప్పేటప్పుడు బెల్టుని చుట్టి మూలన పడేయకండి.

ఇంకో మాట, ఉన్న ఒక్క పుల్లీనే కోయించకండి. 2020లో హార్లే మన దేశంలో సొంత తయారీ ఆపేసింది. ఈ బండి పార్ట్‌లు దొరకడం తేలిక కాదు. ముందు ఇంకోటి సంపాదించి, దాని మీద పని చేయించండి.

బిగించేటప్పుడు కొత్త బోల్టులు, థ్రెడ్ లాక్ (బోల్టు వదులు కాకుండా రాసే జిగురు), టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) తప్పనిసరి. టార్క్ ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. తర్వాత చక్రం తిప్పుతూ బెల్టు ఎక్కడ బాగా బిగుతుగా ఉందో చూసి, అక్కడే టెన్షన్ కొలవండి. హార్లే పద్ధతిలో 10 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోల బలంతో బెల్టుని పైకి నొక్కి, ఎంత కదిలిందో చూస్తారు. కొంత దూరం నడిపాక ఆ టెన్షన్, బోల్టులు మళ్లీ చూసుకోండి. మీ దగ్గర బెల్టు బండి ఉంటే మోడల్ ఏదో కామెంట్‌లో రాయండి.