మూడొందల గ్రాములు

అందరికీ నమస్కారం. స్టేజీ మీదున్న పెద్దల పేర్లన్నీ యాంకరమ్మ ఇందాకే చదివేసింది, మళ్ళీ నేను మొదలెడితే అక్కడ ఉప్మా చల్లారిపోద్ది. వార్షికోత్సవం కదా, క్లబ్ గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పండి మాస్టారూ అన్నారు, చెప్తా, ముందు ఇది చెప్పనివ్వండి.

మన కిక్‌బాక్సింగ్‌కి ప్రపంచ స్థాయిలో పోటీలు పెట్టే సంస్థ వాకో, దాని రూల్స్‌లో మగాళ్ళ లైట్‌వెయిట్ అంటే 60 కేజీలు. దాని కింద 57, పైన 63.5. ఇంటర్నేషనల్‌కి వెళ్తే ఒక్కో వెయిట్‌లో దేశానికి ఒక్కడే. అదిగో, ఆ ఒక్కడే అన్న దగ్గరే నా బుద్ధి గడ్డి తింది.

మావాడొకడు 64 ఉండేవాడు. పేరు చెప్పను. అర కేజీ తగ్గితే 63.5లో హాయిగా ఆడేవాడే, కానీ అందులో అప్పటికే వేరే కుర్రాడు సెలెక్టయ్యాడు, 60లో ఖాళీ ఉంది, నేనేమో ఇండియా జెర్సీ పిచ్చిలో దిగరా చూసుకుందాం అన్నా. వాడు నా మాట కాదనడు కదా, అదే నాకు అలుసు.

తూకం రోజు పొద్దున మెషీన్ మీద 60.3. మూడొందల గ్రాములు! మన దగ్గర కూరగాయలమ్మాయి కొసరేసే బరువు. రెయిన్‌కోట్ తొడిగి స్కిప్పింగ్ చేయించా, బాటిల్లో ఉమ్మించా, గుండు కూడా కొట్టించా తల్లీ, నవ్వకండి, అప్పుడు వాడి కళ్ళు లోపలికి పోయున్నాయి. 60.0 వచ్చింది, నేను ఎగిరి గంతేశా.

మర్నాడే బౌట్. ఫుల్ కాంటాక్ట్, అంటే పూర్తి బలంతో కొట్టుకునే పద్ధతి, మూడు రౌండ్లు, ఒక్కోటి రెండేసి నిమిషాలు, ఎంతసేపని? కానీ రౌండ్‌కి కనీసం ఆరు కిక్కులు కొట్టాలి, అవీ నడుం పైకే కొట్టాలి, పక్కన కూర్చుని లెక్క రాస్తుంటారు, తక్కువైతే పాయింట్ కట్. రెండో రౌండ్‌లో వాడి కాలు లేవలా. నేను కార్నర్‌లోంచి కిక్ కిక్ అని అరుస్తున్నా, వాడు నావైపు చూసిన చూపు… సరే.

2015 డిసెంబర్‌లో మనీలాలో యాంగ్ జియాన్‌బింగ్ అని చైనా కుర్రాడు, 21 ఏళ్ళు, ఇలాగే బౌట్ ముందు బరువు తగ్గించుకుంటూ ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి చనిపోయాడు. అది ఎంఎంఏ, గుద్దులూ కుస్తీ పట్లూ అన్నీ కలిసిన ఆట సార్, మనది వేరు అనకండి, ఒంట్లో నీళ్ళకి ఆ తేడా తెలీదు.

అమ్మలూ, వెనకాల కూర్చున్న నాన్నలూ, మీకే చెప్తున్నా. మీవాడు నాలుగు రోజులు అన్నం మానేస్తే కోచ్ చెప్పాడులే అని ఊరుకోకండి. నన్నొచ్చి నిలదీయండి. పిల్లలు నన్ను అడగరు, మీరడగాలి.

క్లబ్ గురించి చెప్పమన్నారు కదూ… కొత్త మ్యాట్లు వచ్చాయి, సంతోషం.

అన్నట్టు ఆ పోటీకి మా కుర్రాడి వాళ్ళమ్మ ఓ స్టీలు డబ్బా నిండా సున్నుండలు పెట్టి పంపింది. తూకం అయ్యేదాకా వద్దని నేనే నా బ్యాగ్‌లో పెట్టుకున్నా, తర్వాత ఇద్దామన్న సంగతే మర్చిపోయా. ఆ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఆమె చేతికివ్వడానికి నాకు మొహం చెల్లలా.