కోసిన పోర్షెనే అసలైన పోర్షె! తిట్టేవాళ్లు పూర్తిగా విని తిట్టండి

పాత పోర్షె కారుకి రంపం పెట్టిన సౌండ్ ఇంకా పూర్తిగా వినపడనే లేదు, కామెంట్లలో శోకాలు మొదలు. "అయ్యో, క్లాసిక్ కారుని చంపేశాడు" అని. బాబూ, ఎవరూ చావలేదు. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో నేను ఎవరినీ బుజ్జగించను. ఫెండర్లు, అంటే చక్రాల మీది రేకులు, కోసిన పోర్షె 911 ఉందే, అదే అసలైన 911. గ్యారేజీలో దుప్పటి కప్పి పెట్టింది కాదు.

గొడవ మీకు తెలిసిందే. జపాన్‌లోని చిబా నుంచి అకిరా నకాయ్ వస్తాడు. పాత పోర్షెలని కోసి వెడల్పు చేసే ఆర్‌డబ్ల్యూబీ షాపు ఆయనదే. పాత ఎయిర్ కూల్డ్, అంటే గాలితో ఇంజిన్ చల్లబడే, 911 దగ్గర నిలబడి, నోట్లో సిగరెట్, చేతిలో టేప్. ఫెండర్ మీద టేప్ అంటిస్తాడు, గీత చూసుకుంటాడు, రంపం పెడతాడు. అంతే. ఫ్యాక్టరీ రేకు వంపుగా తెగి నేల మీద పడుతుంది. దాని మీద వెడల్పాటి కొత్త ఫెండర్ పెట్టి, స్క్రూలు బిగించి, సందుల్లో నల్ల సిలికాన్ నింపి, వేలితో నున్నగా లాగుతాడు. మా ఇంట్లో సింక్ అంచుకి ప్లంబర్ లాగినట్టే! నాకు ఆ వేలు చూస్తేనే ముచ్చటేస్తుంది. మీకేమో గుండె ఆగుతుంది.

సరే, ఒక్క ప్రశ్న. 911 ఫెండర్ని మొదట వెడల్పు చేసింది ఎవరు? నకాయ్ కాదు. పోర్షెనే! 1973 మోడల్ 911 కరెరా ఆర్ఎస్ 2.7నే చూడండి. వెనక ఫెండర్లు 42 మిల్లీమీటర్లు పెంచారు, వెనక బాతు తోకలాంటి స్పాయిలర్ తగిలించారు. ఎందుకు? రేసు కోసం. రేసులో దింపాలంటే రూల్ ప్రకారం 500 కార్లు చేస్తే చాలు, జనం ఎగబడితే 1,580 చేశారు. ఇవాళ "ఒరిజినల్, ఒరిజినల్" అనేవాళ్లు దండం పెట్టే దేవుడు ఆ కారే. మరి ఆ దేవుడు కూడా మాడిఫైడే కదా స్వామీ!

42 మిల్లీమీటర్లు ఎందుకు కావాలో ఇంజిన్ ఎక్కడుందో చూస్తే తెలుస్తుంది. 911లో ఇంజిన్ వెనక ఇరుసుకి కూడా అవతల వేలాడుతూ ఉంటుంది. ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనకే వేస్తే కాడి పైకి లేస్తుంది చూశారా, అదే కథ. ముందు భాగం తేలిక, వెనక బరువు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారా, తోక తిరిగి ముందుకొచ్చేస్తుంది. వెనక టైరు వెడల్పుంటే పట్టు పెరుగుతుంది. వెడల్పు టైరు పాత ఫెండర్ కింద పట్టదు. మరి కోయకుండా ఏం చేస్తారు, టైరుని బతిమాలతారా?

ఇంకా కావాలా? 1979, ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల రేసు. జర్మనీలో కొలోన్‌లో క్రెమర్ అన్నదమ్ములు. వాళ్లది ప్రైవేటు టీమ్. 911 నుంచి పోర్షె చేసిన 935 రేసు కారుని తీసుకుని బాడీ దగ్గర్నుంచి మార్చేసి 935 కే3 అన్నారు. పోర్షె ఫ్యాక్టరీ కూడా అదే రేసుకి రెండు 936 రేసు కార్లు పంపింది, అవి మధ్యలోనే పోయాయి. 24 గంటల తర్వాత మొదట వచ్చింది ఎవరు? క్రెమర్ కారు! కంపెనీ కంటే కోసినవాడు గెలిచాడు. ఇది నేను ఊళ్లో చెప్పుకునే కథ కాదు, రికార్డు.

అన్నట్టు, మనకి ఈ గొడవ తగలదు అనుకోకండి. మనవాళ్లు బైకులకి మార్చి పెట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పరిచి రోడ్ రోలర్ ఎక్కించిన పోలీసు వీడియోలు చూసే ఉంటారు. చట్టం ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు. రాత్రి రెండింటికి వీధిలో చెవులు చిల్లులు పడేలా తిరిగేవాడికి రోలర్ న్యాయమే, దాన్ని నేను సపోర్ట్ చేయను. కానీ ట్రాక్ మీద పరిగెత్తే కారుకి ఆ లెక్క ఎందుకు?

ఇప్పుడు నా థియరీ. ఏడ్చేవాళ్లు కారు కోసం ఏడవట్లేదు, రేటు కోసం ఏడుస్తున్నారు. ప్రూఫ్ కావాలా? కాలిఫోర్నియాలో సింగర్ అని ఒక కంపెనీ ఉంది, 2009లో మొదలైంది. వాళ్లూ 964నే, అంటే 911లోనే ఒక పాత తరాన్నే, విప్పుతారు. రేకులు తీసేసి, తలుపులు తప్ప దాదాపు బాడీ అంతా కార్బన్ ఫైబర్ వేస్తారు. నకాయ్ కోసిందానికంటే ఎక్కువే పోయింది! అక్కడ మాత్రం "ఆహా, కళాఖండం" అంటారు. ఎందుకంటే దాని బిల్లు కోట్లలో ఉంటుంది. అంటే రంపంతో కోస్తే పాపం, చెక్కుతో కోస్తే పుణ్యం!

ఆర్‌డబ్ల్యూబీ షోకి మాత్రమే అనేవాళ్లకి ఒక మాట. జపాన్‌లోని మోటెగి ట్రాక్‌లో ఐడ్లర్స్ 12 గంటల రేసుకి ఆర్‌డబ్ల్యూబీ వాళ్లు తమ కార్లే తీసుకెళ్లారు. పన్నెండు గంటలు! మీ కారు బీరువాలో కలరా ఉండల మధ్య పట్టుచీరలా ఉంది. పెళ్లికి ఒకసారి, గృహప్రవేశానికి ఒకసారి.

తిట్టండి, కామెంట్లు ఓపెన్‌గానే ఉన్నాయి. ఒకే షరతు: మీ కారు మీటర్ ఫొటో పెట్టి, కిలోమీటర్లు కనపడేలా పెట్టి, అప్పుడు తిట్టండి. మూడంకెల్లో ఉంటే ఆ కామెంట్ నేనే పిన్ చేస్తా.