పళ్లెం విసరక ముందు ఏం జరిగింది?

సభలోని పెద్దలకు, మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారి కోసం సంరక్షణ గృహాలు నడుపుతున్న మిత్రులకు, ఆ గృహాల్లో రాత్రింబవళ్లు పనిచేస్తున్న ఆయమ్మలకు, సహాయకులకు నమస్కారం.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక గృహంలో మాటలు రాని ఇరవై రెండేళ్ల యువకుడు భోజనాల వేళ పళ్లెం విసిరికొట్టేవాడు, అడ్డు వెళ్లినవారిని కొరికేవాడు. మొండివాడన్నాం, మందు మోతాదు పెంచాం, చివరికి వేరే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి అన్నం పెట్టాం. పెరుగన్నం పెట్టిన పూట అతను గొడవ చేయడం లేదని ఒక ఆయమ్మ గమనించింది. ఆమె మాట మీద, ఏ పూట ఏం వడ్డించామో, తర్వాత ఏం జరిగిందో రెండు వారాలు రాసిపెట్టి దంతవైద్యుని దగ్గరికి తీసుకెళితే, రెండు దవడపళ్లు పుచ్చి చీముపట్టి ఉన్నాయి. నెలల తరబడి ఆ నొప్పిని అతను తనకు చేతనైన తీరులో చెబుతూనే ఉన్నాడు.

అందుకే, కొత్తగా కొట్టడమో తల బాదుకోవడమో మొదలైతే ముందు పన్ను, చెవి, మలబద్ధకం, మూర్ఛ, నిద్ర చూడండి. శరీరంలో కారణం దొరకనప్పుడు, ఆ పనివల్ల అతనికి ఏం దక్కుతోందో, దేన్నుంచి తప్పించుకోగలుగుతున్నాడో వెతకాలి. 1985లో అమెరికాలో మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ ప్రచురించిన అధ్యయనం ఈ దారినే చూపింది: పని కష్టమైనప్పుడు అల్లరిచేసే పిల్లలకు సాయం అడగడం, ఎవరూ పట్టించుకోనప్పుడు అల్లరిచేసే పిల్లలకు మెప్పు అడగడం నేర్పితే ఆ అల్లరి బాగా తగ్గింది. మాట రానివారికి బొమ్మల కార్డో చేతి సైగో నేర్పినా అదే పని జరుగుతుంది, అయితే ఆ సైగకు ప్రతిసారీ, ప్రతి సహాయకుడూ స్పందించాలి.

మన దగ్గర చిక్కంతా ఇక్కడే ఉంది. చాలీచాలని జీతంతో, శిక్షణ లేకుండా వచ్చిన సహాయకుడు ఆరు నెలలకే వెళ్లిపోతే, ఆ సైగల అర్థం కూడా అతనితోపాటే వెళ్లిపోతుంది. నిర్వాహకులు భవనం మీద పెట్టే ఖర్చులో కొంతైనా మనిషిని నిలుపుకోవడానికి పెట్టాలని గట్టిగా కోరుతున్నాను. ఇంగ్లండులో బ్రిస్టల్ సమీపాన ఉన్న వింటర్‌బోర్న్ వ్యూ ప్రైవేటు ఆస్పత్రిలో మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారిని సిబ్బంది హింసించిన తీరును 2011లో బీబీసీ రహస్య కెమెరాతో బయటపెట్టింది. 11 మందికి శిక్షలు పడ్డాయి, వారిలో ఆరుగురు జైలుకు వెళ్లారు. ఇలాంటివారికి ఊరి మధ్య చిన్న ఇళ్లలో, తర్ఫీదు పొందిన సిబ్బందితో సేవలందించాలని ప్రొఫెసర్ జిమ్ మాన్సెల్ నేతృత్వంలోని నివేదిక అక్కడి ప్రభుత్వానికి 1993లోనే చెప్పింది. చెప్పిన పద్దెనిమిదేళ్లకు కూడా అలాంటి చోటు నడుస్తూ ఉండటం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. మానసిక ఆరోగ్య సంస్థల్లో ఒంటరిగా బంధించరాదని, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, మానసిక వైద్యుని అనుమతితోనే శరీరాన్ని నిర్బంధించవచ్చని చెప్పింది. మీ గృహం చట్టం చెప్పే మానసిక ఆరోగ్య సంస్థల కిందికి వచ్చినా రాకపోయినా ఆ హద్దును పాటించండి. చేతులు కట్టేసిన ప్రతిసారీ ఎందుకు, ఎంతసేపు అన్నది రాసి, ఆ రోజే తల్లిదండ్రులకు చెప్పండి.

రేపటి నుంచే చేయగలిగిన పని ఒకటుంది. డ్యూటీ మారేటప్పుడు చేతులు మారే ఒక నోటుపుస్తకం పెట్టి, గొడవకు ముందు ఏం జరిగింది, అతను ఏం చేశాడు, మనం ఏం చేశాం అని మూడు గడులు గీయండి. రాయడం రాని ఆయమ్మ చెబుతుంటే పక్కవారు రాయండి, వారానికోసారి ఆమెను కూడా కూర్చోబెట్టుకుని ఆ పుస్తకం చదవండి.